ఇరవై స్క్రూలు లూజుగా ఇవ్వండయ్యా!

ఎడిటర్ గారికి నమస్కారం.

సైన్స్ ఫెయిర్లప్పుడు మీ జిల్లా పేజీలో పిల్లల ఫొటోలు వేస్తుంటారు. సిరంజీల జేసీబీ, అట్టపెట్టె ఏటీఎం, వంటసోడా వేస్తే పొంగే అగ్నిపర్వతం, ఏటా ఇవే. వాటిలో పిల్లలు చేసినవెన్ని, కొట్లో కొనుక్కొచ్చి పేరు అంటించినవెన్ని అని అడిగితే టీచర్లకు కోపం వస్తుంది కాబట్టి అది వదిలేస్తా. నేను అడిగేది ఇంకోటి. నిజంగానే సొంతంగా చేద్దామని కూర్చున్న పిల్లవాడికి, లేదంటే ఇంట్లో మిక్సీనో ఫ్యానునో తనే విప్పి బాగుచేసుకుందామనుకునే నాలాంటి వాడికి, కావలసిన సామాను కావలసినంత మాత్రమే ఇచ్చే కొట్టు నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ఎక్కడుంది?

సామాను లేదని కాదండీ, ఉంది. నెల్లూరు చిన్నబజారు వైపు పోతే హార్డ్‌వేర్ కొట్లకేం కొదవ లేదు. లోపలికెళ్ళి "4 ఎమ్ఎమ్ స్క్రూలు, 12 పొడవు, నట్లతో ఒక ఇరవై ఇవ్వన్నా" అంటే మాత్రం "బాక్స్ తీసుకోండి సార్, లూజు ఇయ్యం, ఎప్పటికైనా పనికొస్తాయి గదా" అంటాడు. పనికొస్తాయి, నాకీ జన్మకు సరిపోగా మనవడికి కూడా మిగుల్తాయి. ఇంకాస్త బతిమాలితే గల్లాపెట్టె పక్కనుండే రేకు డబ్బా ముందుకు తోసి, ఇందులో ఏరుకోండి అంటాడు. ఆ డబ్బాలో స్విచ్‌బోర్డు స్క్రూలు, సైకిల్ నట్లు, తుప్పు మేకులు, ఎవరో తిరిగిచ్చిన బోల్టులు, అన్నీ కలిసి ఉంటాయి. అసలు చిక్కు అక్కడే.

4 ఎమ్ఎమ్ స్క్రూ లావు నాలుగు మిల్లీమీటర్లు. పాత అంగుళాల లెక్కలో 5/32 స్క్రూ అని ఒకటుంది, దాని లావు 3.97. రెంటినీ వేళ్ళ మధ్య పట్టుకుని చూస్తే ఏది ఏదో ఎవడూ చెప్పలేడు. మర మాత్రం వేరు. మొదటిదానికి మరకూ మరకూ మధ్య 0.7 మిల్లీమీటరు, అంటే అంగుళానికి సుమారు 36 మరలు, రెండోదానికి 32. అందుకని ఒకదాని స్క్రూకు ఇంకోదాని నట్టు ఎక్కుతుంది, ఒకటి రెండు చుట్లు హాయిగా తిరుగుతుంది, అక్కడ బిగుసుకుంటుంది. బాగా బిగిసిందిలే అనుకుని స్పానర్ పెట్టి ఇంకొంచెం తిప్పితే మర చెడి రెండూ ఒకదాన్నొకటి వదలవు. కొట్టువాడు మరల మధ్య దూరం చూసే పిచ్ గేజి ఒకటి కౌంటర్ మీద పెట్టుకుని, డబ్బాలు రెండు చేసి ఒకదానిమీద మిల్లీమీటర్లు ఇంకోదానిమీద అంగుళాలు అని మార్కర్‌తో రాస్తే ఈ గోలే ఉండదు. ఖర్చు కూడా పెద్దగా ఏమీ కాదు.

ఇంత చాదస్తం దేనికంటారా? మాది బిట్రగుంట. ఆవిరి ఇంజన్ల కాలంలో లోకోషెడ్డు ఉన్న ఊరు, ఇప్పటికీ రైల్వే కాలనీలో ఎవరింటి అరుగు మీద కూర్చున్నా కాసేపటికి మాట ఇంజన్ల మీదికి పోతుంది. రిటైరయ్యాక నేను పెట్టుకున్న పని ఆ ఇంజన్లకు నమూనాలు చేయడం. ప్రస్తుతం బల్లమీద ఉన్నది డబ్ల్యూపీ, ముందువైపు గుండ్రటి ముక్కుతో మెయిల్ బండ్లు లాగిన ఇంజను, 1947లో మన పట్టాలెక్కిన రకం. కిట్ కొనుక్కోవచ్చుగా అంటారు మా అల్లుడితో సహా అందరూ. బయటి దేశాల కిట్లు ఎక్కువగా హెచ్ఓ స్కేలు, అంటే అసలులో 87వ వంతు, ఆ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది వాళ్ళ 1,435 మిల్లీమీటర్ల గేజీకి కుదిరిన లెక్క. మన బ్రాడ్‌గేజి 1,676, దాన్ని 87తో భాగిస్తే 19 పైన తేలుతుంది. వాళ్ళ పట్టాల మీద మన ఇంజను పెడితే ఒంగోలు గిత్తకు మేక కాళ్ళు అతికించినట్టుంటుంది. కాబట్టి మన రైలు మనకు కావాలంటే పట్టాలు, స్లీపర్లు మొదలుకొని అన్నీ చేత్తో చేసుకోవాల్సిందే, దానికి ఇత్తడి రేకు, రాగి తీగ, సన్న డ్రిల్లు బిట్లు, సన్న ఆకురాళ్ళు కావాలి. అవి కూడా జానెడు ముక్కల్లో, పదుల్లో. 24 గేజి ఇత్తడి రేకు, అంటే అరమిల్లీమీటరుకు కాస్త పైన, తెల్లకాగితమంత ముక్క కోసిమ్మంటే "మిగతా షీటు ఎవురు కొంటారు సామీ" అని ఆయన బాధ ఆయనది. ఆ బాధలో న్యాయం లేకపోలేదు, దానికి మళ్ళీ వస్తా.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది టంకం తీగ దగ్గర. అందరూ లెడ్డు, లెడ్డు అంటారు గానీ మంచి తీగలో సీసం కన్నా తగరమే ఎక్కువ, తగరం 60 సీసం 40, లేదా 63-37. ఈ 63-37 రకం సరిగ్గా 183 డిగ్రీల దగ్గర కరిగి, చల్లారుతూ మళ్ళీ అక్కడే గడ్డకడుతుంది, మధ్యలో ముద్దగా ఉండే దశ లేదు. 60-40కి ఆ ముద్ద దశ 190 దాకా ఉంటుంది. సగం సగం కలిపితే పూర్తిగా కరగడానికి దాదాపు 215 కావాలి. తగరం ఖరీదు, సీసం చవక, ఇక చవక రీలులో ఏది తగ్గుతుందో వేరే చెప్పాలా? మన బజారులో చాలా రీళ్ళమీద ఏ అంకే ఉండదు. పిల్లవాడు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో దాన్ని కరిగించి సర్క్యూట్ బోర్డుమీద పెడతాడు. అది పారదు, ఉండ కడుతుంది. చల్లారాక అతుకు బూడిదరంగులో గరుకుగా కనిపిస్తుంది, పైకి పట్టుకున్నట్టే ఉంటుంది, గోటితో ఎగదోస్తే ఊడొస్తుంది. పాపం వాడు తన చేతికి ఈ పని రాదనుకుంటాడు. మంచి తీగ పెట్టి చూడండి, బాగా వేడెక్కిన రాగి మీద తాకించగానే మెరుస్తూ నాలుగువైపులా పాకి తీగ చుట్టూ సన్నగా అంచు కడుతుంది, ఐరన్ తీసిన తర్వాత కూడా ఆ మెరుపు పోదు. ఒక్క అతుకు అలా పడితే ఆ పిల్లవాడిని ఇక లేపలేం.

టంకం బాగా పట్టడానికి ముందు పూసే ఫ్లక్సు సంగతి ఇంకా ఘోరం. రేకులు అతికేవాళ్ళు వాడే ఆసిడ్ రకం, జింక్ క్లోరైడు లాంటిది, వెనకటి కళాయి పూసేవాళ్ళ నవాసాగరం కూడా ఆ కోవదే, ఇత్తడికీ డబ్బారేకుకూ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, పనయ్యాక నీళ్ళతో శుభ్రంగా కడిగేయాలి. దాన్నే తెచ్చి రేడియో బోర్డుమీద పూశారనుకోండి, కొన్నాళ్ళకు రాగి గీతలన్నీ పచ్చగా చిలుము పట్టి తెగిపోతాయి. బోర్డుకు రోజిన్, అంటే పైన్ చెట్టు బంక, ఉన్నదే వాడాలి. కొట్లో అడిగితే "ఏదైనా ఒకటే సార్" అని ధైర్యం చెప్తారు. ఒకటి కాదు నాయనా. డబ్బామీద "రేకులకు", "బోర్డులకు" అని తెలుగులో రెండు మాటలు రాసిపెట్టడానికి ఏం రోగం? పనిలో పనిగా, సీసం ఉన్న తీగ పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలని, అన్నం తినే బల్లమీద టంకం పని పెట్టుకోకూడదని కూడా రాస్తే పిల్లల తల్లులు దండం పెడతారు.

జిగుర్ల గురించి మొదలుపెడితే మీ పేపరు చాలదు. థర్మకోల్‌కు రబ్బరు జిగురు పూస్తే థర్మకోలే కరిగి గుంటపడుతుంది, ఫెవికాల్ ఆలస్యంగా ఆరినా నిలుస్తుంది. ఫెవిక్విక్ రకం గాలిలో చెమ్మ తగిలి గట్టిపడేది కాబట్టి మన సముద్రపు గాలికి మూత సరిగ్గా పెట్టని ట్యూబు మర్నాటికి రాయి. ఇంతటితో వదిలేస్తున్నా.

విడ్డూరమేంటంటే మన దగ్గర పుట్టే సరుకు కూడా మనకందదు. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైటు ఎక్కడెక్కడి దేశాలకో పోతుంది. పాలిష్ పట్టిన అడుగు సైజు పలక ఒకటి ఇంట్లో ఉంటే అది ఎంత పనిముట్టో తెలుసా? దానిమీద నీళ్ళు చల్లి 400 నంబరు వాటర్ పేపర్ పరిచి, ఆ తర్వాత 800, 1000 మార్చుకుంటూ ఉలి వీపు రుద్దితే, బజారులో కొన్న మొండి ఉలి కూడా బొటనవేలి గోటిమీద ఆనిస్తే జారకుండా నిలబడేంత పదునెక్కుతుంది. అదే కాగితాన్ని చెక్కబల్లమీద పరిచి రుద్దితే అంచులు గుండ్రబడతాయి, ఎంత చిత్రిక పట్టిన చెక్కయినా ఎక్కడో ఒకచోట మిట్టపల్లాలుంటాయి మరి. కోతలో మిగిలే ముక్కల్ని అడుగు సైజున కోసి హార్డ్‌వేర్ కొట్లో ఒక మూల పెడితే వడ్రంగులు కూడా కొంటారు, నేనొక్కణ్ణే కాదు. ఉదయగిరి చెక్క చెంచాలకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందని అందరం గొప్పగా చెప్పుకుంటాం. ఆ చెంచాలు చెక్కేవాళ్ళ దగ్గర మిగిలే గట్టి చెక్క తునకలు సంచీ ఇంత అని కట్టి అమ్మితే కొనేవాళ్ళం ఉన్నాం. నమూనాలకు తేలికైన బాల్సా చెక్కే కావాలని అందరూ అంటారు, అది ఈక్వడార్ లాంటి చోట్లనుంచి రావాలి, విమానం రెక్కకు అంతకు మించింది లేదు గానీ రైలుపెట్టె అంచు చెక్కితే నలిగిపోతుంది. గూడూరు అభ్రకం సంగతీ అంతే. పాత ఇస్త్రీపెట్టెల్లో కాయిల్ చుట్టేది అభ్రకం రేకుమీదే, ఇప్పుడు ఆ రేకు ముక్క ఒకటి కావాలని కొట్లో అడిగితే ఎగాదిగా చూస్తున్నారు.

ఇక ఇంటి మరమ్మతులు. ఫ్యాను నీరసంగా తిరుగుతుంటే చాలాసార్లు తప్పు మోటారుది కాదు, కెపాసిటరుది. మామూలు సీలింగ్ ఫ్యాన్లలో ఎక్కువవాటికి 2.5 మైక్రోఫారడ్ సరిపోతుంది, పాతదానిమీద రాసే ఉంటుంది. మెయిన్ ఆపి మార్చుకుంటే కాసేపటి పని, దానికి ఎలక్ట్రీషియన్ కోసం వారం రోజులు ఫోన్లు చేస్తూ ఉక్కపోతలో కూర్చునే ఇళ్ళు నాకు తెలుసు. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్ 24న, వినియోగదారుల దినం నాడు, రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్ మొదలుపెట్టింది. వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు ఎలక్ట్రానిక్స్, ఇంట్లో వాడే మిషన్లు, వాహనాలు, ఈ నాలుగు రకాల కంపెనీలు మరమ్మతు వివరాలు, విడిభాగాల సమాచారం అందులో పెట్టాలని ఉద్దేశం. చాలా మంచిది. సమాచారం తెరమీద ఉంటుంది, మిక్సీ బల్లమీద ఉంటుంది, విప్పడానికి స్క్రూడ్రైవర్ మాత్రం ఉండదు. స్టార్ మూతుల్లో పీహెచ్0, పీహెచ్1, పీహెచ్2 అని సైజులున్నాయి. మన కొట్లో దొరికేది ఎక్కువగా పీహెచ్2, దాన్నే అన్నిటికీ అంటగడతారు. చిన్న తలలో పెద్ద మూతి సగమే దిగుతుంది, తిప్పగానే జారి గాడి అరిగిపోతుంది, ఆ తర్వాత ఆ స్క్రూ ఎవడి తరమూ కాదు. కొత్త సామాన్లకు మూడు గాళ్ళవి, ఆరు మూలలవి, మధ్యలో చిన్న పుల్ల పొడుచుకొచ్చినవి కూడా పెడుతున్నారు. అవి మనం విప్పకూడదనే పెట్టినవి, అంతకు మించి వాటివల్ల ఉపయోగమేంటో నాకైతే తోచదు.

ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు కదా అనేవాళ్ళకు ఒక మాట. తెప్పించుకుంటూనే ఉన్నాం. సరుకు చేతిలో పట్టుకుని చూసే వీలు లేకపోతే ఏమవుతుందో కూడా చూస్తున్నాం. ఒక సైట్లో సన్న డ్రిల్లు బిట్లు సెట్టు తెప్పించాను, హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) అని బొమ్మమీద ఇంతింత అక్షరాలు. ఇత్తడికి పెట్టగానే కొన్ని వంగాయి, ఒకటి విరిగి రంధ్రంలోనే ఉండిపోయింది, వెనక్కి పంపుదామంటే ప్యాకెట్ విప్పారు కాబట్టి కుదరదట. విప్పకుండా తొలిచేది ఎట్లా స్వామీ? పోనీ ఊళ్ళో కొందామంటే, 4 ఎమ్ఎమ్ మర తీయడానికి ముందు 3.3 బిట్టుతో తొలవాలి, ఆ 3.3 అడిగితే "3 ఉంది, 3.5 ఉంది, ఏదో ఒకటి తీసుకోండి" అంటారు. 3తో తొలిస్తే మర కోసే ట్యాపు విరుగుతుంది, 3.5తో తొలిస్తే మర సగమే పడుతుంది. మద్రాసు రిచీ స్ట్రీట్‌లోనో హైదరాబాద్ కోఠీలోనో ఎలక్ట్రానిక్స్ సామాను చిల్లరగా ఇస్తారు. ఒక రెసిస్టర్ల పొట్లం కోసం మద్రాసు బండెక్కే ఓపిక నాకుంది, ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి ఎవరు పంపుతారు?

ఇప్పుడు కొట్టువాళ్ళ వైపు మాట. లూజుగా అమ్మితే లెక్క తప్పుతుంది, కుర్రాడు పావుగంట ఏరి ఇస్తే వచ్చేది పదిరూపాయలు, ఆ పావుగంటలో నిలబడి ఉన్న మేస్త్రి పక్క కొట్టుకు పోతాడు. ఒప్పుకుంటాను. అందుకే మమ్మల్ని మేస్త్రీలతో కలిపి నిలబెట్టొద్దు. గిరాకీ లేని మధ్యాహ్నం పూట కుర్రాడితో 3 ఎమ్ఎమ్, 4 ఎమ్ఎమ్ స్క్రూలు, నట్లు, వాషర్లు ఇరవై చొప్పున చిన్న కవర్లలో వేయించి, పైన సైజు రాయించి, బాక్స్ రేటుకు రెట్టింపు లెక్కన అమ్మండి. సంతోషంగా కొంటాం. ఇత్తడి షీటు ఒకటి ముందే ముక్కలు కోయించి పెట్టండి, వృథా పోయేదంతా రేటులో కలుపుకోండి. టంకం తీగ మీటరు లెక్కన చుట్టి ఇవ్వండి, కాకపోతే ఎంత తగరమో రాసి ఇవ్వండి. మేం బేరమాడేది ధర మీద కాదు.

ప్రభుత్వం వాళ్ళకు కూడా ఒక విన్నపం ఉంది. బడిపిల్లల కొత్త ఆలోచనల కోసం కేంద్రం పెట్టిన ఇన్‌స్పైర్ మనక్ పథకంలో ఎంపికైన విద్యార్థికి నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు ఇస్తున్నారు. డబ్బు ఖాతాలో పడ్డాక ఆ పిల్లవాడు, వాళ్ళ నాన్న బజారంతా తిరిగి, సామాను దొరక్క, చివరికి ప్రాజెక్టులు అమ్మే కొట్టుకే పోతారు, అక్కడ జేసీబీ రెడీగా ఉంటుంది. పిల్లలు చేత్తో చేసి నేర్చుకోవడానికి కేంద్రం పెట్టించిన అటల్ టింకరింగ్ ల్యాబులున్న బళ్ళలో సామాను పెట్టెలైతే ఉన్నాయి, స్టాకు రిజిస్టరులో లెక్క తేడా వస్తుందని వాటిని పిల్లల చేతికివ్వడానికి భయపడే సార్లను కూడా నేనెరుగుదును. వాళ్ళను తప్పుపట్టను, ఆడిట్‌లో ఒక డ్రిల్లు బిట్టు విరిగిందని సంజాయిషీ రాసుకోవాల్సింది వాళ్ళే. విరిగేవి, అరిగేవి, అయిపోయేవి అని ఒక పద్దు వేరే పెట్టి, వాటికి లెక్క అడగబోమని పైవాళ్ళు కాగితం మీద రాసిస్తే సగం తాళాలు వాటంతటవే ఊడతాయి.

ఐటీఐల సంగతి కూడా ఆలోచించండి. ఫిట్టర్ ట్రేడులో చేరిన కుర్రాడికి మొదట ఆకురాయి చేతికిచ్చి, ఇనపముక్కను మూలమట్టం పెడితే వెలుతురు కనపడనంతగా అరగదీయమంటారు. ఆ పని నేర్పగలిగిన మాస్టర్లు మన ఊళ్ళలోనే ఉన్నారు, బెంచీలకు ఇనపముక్కను పట్టి ఉంచే వైసులు బిగించే ఉన్నాయి, ఆదివారం అవన్నీ ఖాళీ. నెలకో ఆదివారం పూట, ఫీజు తీసుకునే, హైస్కూలు పిల్లల్ని, నాలాంటి రిటైరైనవాళ్ళను లోపలికి రానిస్తే ఆ మాస్టర్లకూ నాలుగు రూపాయలు మిగుల్తాయి. లేతు ముట్టుకోనివ్వొద్దు, అది ప్రమాదం. ఆకురాయి, రంపం, చేతి డ్రిల్లు చాలు.

నెల్లూరు, కావలి, ఒంగోలులో ఇప్పటికే లూజుగా, సైజు రాసి అమ్ముతున్న కొట్టు ఏదైనా ఉంటే, నాకు తెలియక ఇంత రాసి ఉంటే, ఆ కొట్టాయన ఈ ఉత్తరాల శీర్షికకే అడ్రసు రాయండి, ఎడిటర్ గారు దయచేసి వేయండి. 3.3 బిట్లు ఉన్నాయో లేవో కూడా అందులో రాస్తే మేలు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బిట్రగుంట, నెల్లూరు జిల్లా